శస్త్రమునకు ముందు చర్మశుద్ధి

మరునాడు ఆపరేషను జరుగవలసిన రోగి మంచము చెంతకు సాయంకాలము ఆసుపత్రి మంగలి వచ్చి, కోయదలచిన చోటను, దాని చుట్టుపట్లను వెండ్రుకలు లేకుండ నున్నగా గొరిగి పోవుట మన ఆసుపత్రులలో చిరకాలము సాగిన ఆచారము. పిదప స్నానము, ఉతికిన బట్టలు. తెల్లవారిన తరువాత బల్లమీద పరుండబెట్టి పొట్టకో కాలికో గోధుమవన్నె మందు పూత. మన పెద్దలలో ఆపరేషను చేయించుకొన్న వారిని ఎవరిని అడిగినను ఈ వరుస చెప్పగలరు. ఇదంతయు వైద్యులకు సహజముగనే తోచిన పని అని మనము తలంతుము. కాని ఇందలి ఒక్కొక్క పని వెనుక ఒక్కొక్క వివాదము కలదు. కొన్నింటి వెనుక మరణములు కలవు. శుద్ధి కొరకని శ్రద్ధతో చేసిన పనులలో కొన్ని రోగికి మేలు చేయకపోగా కీడు చేయుచున్నవని తేలుటకు సుమారు నూరేండ్లు పట్టెను. ఆ కథను నేడు శ్రోతలకు మనవి చేయుదుము.

1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో, ఒక రోగికి ఈథరు ఆవిరి పట్టి, స్పృహ తప్పించి, మెడమీది కణితిని కోసిరి. అంతవరకు నలుగురు బలవంతులు పట్టుకొనగా, రోగి కేకలు వేయుచుండగా, నిమిషములలో ముగింపవలసియుండిన కోత అది మొదలుకొని తీరికగా చేయదగిన పని అయ్యెను. శస్త్రవైద్యులకు ధైర్యము పెరిగెను. కోతల సంఖ్యయు పెరిగెను. కాని నొప్పి పోయినంత మాత్రమున చావు పోలేదు. కోత బాగుగనే జరుగును. మూడవనాడో నాలుగవనాడో జ్వరము తగులును. గాయము ఎర్రబారి, ఉబ్బి, చీము పట్టును. రక్తము విషమించి రోగి కన్ను మూయును. గాయమునకు చీము పట్టుట సహజమనియు, చిక్కని తెల్లని చీము శుభలక్షణమనియు నాటి వైద్యులు నమ్మియుండిరి. నెత్తురు మరకలతో గట్టిపడిన కోటు వైద్యుని అనుభవమునకు గుర్తుగా ఎన్నబడుచుండెను. ఎడింబరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ ఈ ఉపద్రవమునకు ఆసుపత్రి పేరే పెట్టి 'హాస్పిటలిజమ్' అనెను. ఇంటి యొద్ద కాలో చేయో తీసివేయించుకొన్న వారికంటె పెద్ద ఆసుపత్రులలో తీసివేయించుకొన్న వారే ఎక్కువమంది మరణించుచున్నారని ఆయన లెక్కలు కట్టి చూపెను.

దోషము ఎక్కడ ఉన్నది? మొదట అందరును గాలిని అనుమానించిరి. పిదప వైద్యుని చేతులను అనుమానించిరి. రోగి చర్మము మీదికి దృష్టి పోయినది చిట్టచివర.

చేతుల మాట చెప్పినవారిలో ఒకడు ఇగ్నాజ్ సెమ్మెల్వైస్. వియన్నా జనరల్ ఆసుపత్రిలో పురుళ్ల వార్డులు రెండు ఉండెను. వైద్య విద్యార్థులు పని చేయు వార్డులో బాలింతలు సూతికాజ్వరముతో ఎక్కువగా చనిపోవుచుండిరి; మంత్రసానులు పని చేయు వార్డులో అంతగా లేదు. విద్యార్థులు శవములను కోసి, ఆ చేతులతోనే వచ్చి బాలింతలను పరీక్షించుచున్నారని ఆయన గ్రహించెను. 1847వ సంవత్సరము మే నెల నడుమ నుండి క్లోరిన్ కలిపిన సున్నపు నీటిలో చేతులు కడుగుకొనవలెనని నియమము పెట్టెను. ఏప్రిల్ నెలలో నూటికి 18 మందికి పైగా చనిపోయిన ఆ వార్డులో జూన్ నెలలో చనిపోయినవారు నూటికి ఇద్దరు. ఇంత స్పష్టమైన లెక్కను కూడ నాటి పెద్దలు అంగీకరింపలేదు. తమ చేతులే రోగిని చంపుచున్నవని ఒప్పుకొనుట పండితులకు కష్టమైన పని. సెమ్మెల్వైస్ 1865 ఆగస్టులో పిచ్చాసుపత్రిలో మరణించెను.

ఆ ఆగస్టు నెలలోనే, సెమ్మెల్వైస్ మరణమునకు ఒక్కదినము ముందు, 12వ తేదీన, గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీకి జేమ్స్ గ్రీన్‌లీస్ అను 11 ఏండ్ల బాలుని తీసికొని వచ్చిరి. బండి చక్రము ఎక్కి ఎడమకాలి ఎముక విరిగి, చర్మము చిట్లియుండెను. చర్మము చెక్కుచెదరక ఎముక మాత్రము విరిగిన యెడల నాడు కూడ అది తేలికగనే అతుకుకొనుచుండెను. చర్మము చీలినచో కాలు తీసివేయుటయో, ప్రాణము పోవుటయో. ఈ తేడా నాటి వైద్యులందరికిని తెలిసినదే. చర్మమే మన కోట గోడ అని దాని అర్థము. కాని ఆ అర్థమును పట్టుకొన్నవాడు ఆ ఆసుపత్రి శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్. పదార్థములు కుళ్లుటకు సూక్ష్మజీవులు కారణమని ఫ్రాన్సులో పాస్టర్ చేసిన పరిశోధనలను గూర్చి రసాయన శాస్త్ర ఆచార్యుడు థామస్ ఆండర్సన్ ఆయనకు చెప్పియుండెను. కార్లైల్ పట్టణమున మురుగునీటికి కార్బాలిక్ ఆమ్లము కలిపి దుర్గంధమును మాన్పుచున్నారని కూడ ఆయన వినియుండెను. ఈ రెండు విషయములను జోడించి, బాలుని గాయమునకు కార్బాలిక్ ఆమ్లములో తడిపిన గుడ్డ కట్టి నాలుగు దినములు కదపకుండ ఉంచెను. విప్పి చూడగా చీము లేదు. ఆరు వారములలో బాలుడు తన కాళ్లతో నడచి ఇంటికి పోయెను.

1867లో లిస్టర్ తన పద్ధతిని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించెను. ఆయన ఇచ్చిన లెక్క ఇది: కార్బాలిక్ ఆమ్లమునకు పూర్వము కాలుచేతులు తీసివేసిన 35 మందిలో 16 మంది చనిపోయిరి, పిదప 40 మందిలో ఆరుగురు. ఈ లెక్కను మనము నేటి కన్నులతో చూచి, ఆరుగురు కూడ ఎక్కువే అనుకొందుము. బ్రతికి బయటపడినవారి తల్లిదండ్రులకు అది ఎట్లు తోచియుండునో ఊహింపవలెను.

లిస్టర్ రోగి చర్మమును కూడ కార్బాలిక్ నీటితో తుడిపించి, ఆ నీటిలోనే తడిపిన తువ్వాళ్లు చుట్టును పరపించుచుండెను. అయినను ఆయన ఎక్కువగా భయపడినది గాలిలోని క్రిములకు. 1871 నుండి కోత జరుగునంతసేపు కార్బాలిక్ తుంపరను గదిలో చల్లు యంత్రము నొకటి వాడెను. వైద్యునికి దగ్గు, రోగికి దగ్గు, అందరి చేతులును తెల్లబారి మొద్దుబారును. అదే సంవత్సరము బాల్మొరల్ కోటలో విక్టోరియా రాణి చంకలోని గడ్డను కోసినపుడును ఈ తుంపర తప్పలేదు. కాని 1890లో బెర్లినులో జరిగిన వైద్య మహాసభలో లిస్టర్ తానే లేచి, తుంపర వలన ప్రయోజనము లేదని ప్రకటించెను. ఇరువది ఏండ్లు సమర్థించిన పద్ధతిని పదిమంది ఎదుట త్రోసివేయుట సామాన్యులకు సాధ్యము కాదు. మా దృష్టిలో ఆయన గొప్పతనమునకు కార్బాలిక్ ఆమ్లము ఎంత నిదర్శనమో ఈ ప్రకటనయు అంతయే.

గాలి మీది అనుమానము తగ్గిన కొలది ముట్టుకొను వస్తువుల మీద అనుమానము పెరిగెను. బెర్లినులో బెర్గ్‌మన్, ఆయన శిష్యుడు షిమ్మెల్‌బుష్ కత్తులను, కట్లను ఆవిరిలో ఉడికించు పద్ధతులను సిద్ధము చేసిరి. అమెరికాలో హాల్‌స్టెడ్ రబ్బరు తొడుగులు చేయించెను. అవి మొదట రోగి కొరకు గాక, పాదరసపు మందునీటిలో చేతులు పుండ్లు పడిన ఒక నర్సు కొరకు చేయించినవి. ఆ కరోలిన్ హాంప్టన్‌నే ఆయన 1890లో వివాహమాడెను. కత్తిని ఉడికింపవచ్చును. గుడ్డను ఉడికింపవచ్చును. చేతికి తొడుగు తొడుగవచ్చును. రోగి చర్మమును ఉడికించుట ఎట్లు? చిక్కు అక్కడ వచ్చెను.

జర్మను వైద్యులు ఈ పనిని తమకు సహజమైన పట్టుదలతో చేసిరి. ముందునాడు స్నానము చేయింతురు, గొరిగింతురు, సబ్బునీటితో కుంచె పెట్టి తోమింతురు. పిమ్మట స్పిరిటు లేక ఈథరు. ఆపైన పాదరసపు మందునీటిలో తడిపిన గుడ్డ రాత్రియంతయు కట్టియుంతురు. మరునాడు బల్లమీద మరల ఇదే తోముడు. చర్మము ఎర్రగా కందిపోయినను, శుద్ధి జరిగినదని అందరికిని తృప్తి. అయినను చీము పూర్తిగా పోలేదు.

ఈ తోముడంతయు అనవసరమని చెప్పినవాడు ఫియూమే నగరపు సివిల్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు ఆంటోనియో గ్రోసిక్. ఫియూమే ఏడ్రియాటిక్ సముద్ర తీరమున ఒక రేవుపట్టణము; నాడు అది ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యములోనిది, నేడు రియేకా అను పేర క్రొయేషియాలో ఉన్నది. ప్రమాదములలో దెబ్బలు తిన్నవారు ఆసుపత్రికి వచ్చునపుడు రాత్రియంతయు కట్టు కట్టి ఉంచుటకు వ్యవధి ఎక్కడిది? అట్టి గాయములను సబ్బునీటితో కడుగక, టింక్చర్ అయొడిన్ మాత్రము పూసి కుట్టినవి చీము లేకుండ మానుచుండుటయు, శ్రద్ధగా కడిగినవి చీము పట్టుచుండుటయు ఆయన గమనించెను. దీనిని ఆపరేషనులకును వర్తింపజేసి 1908లో ఒక జర్మను శస్త్రవైద్య పత్రికలో ప్రకటించెను.

అయొడిన్ కొత్త వస్తువు కాదు. 1811లో ఫ్రాన్సు దేశపు సురేకారము తయారీదారు బెర్నార్డ్ కూర్ట్వా సముద్రపు నాచు బూడిదతో పని చేయుచుండగా ఊదారంగు ఆవిరి లేచి, చల్లని పాత్రల మీద నల్లని స్ఫటికములుగా పేరుకొనెను. ఆ రంగును బట్టియే దానికి గ్రీకు పేరు పెట్టిరి. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధమున గాయములకు దీనిని పూసిరి. గ్రోసిక్ కొత్తగా చెప్పినది మందును గూర్చి కాదు, నీటిని గూర్చి. చర్మపు పైపొర చిన్నచిన్న పెంకుల వలె ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండును. నీరు తగిలిన ఆ పెంకులు ఉబ్బి, వాని నడుమ సందులు మూసికొనును. అట్టి తడి చర్మముపై టింక్చరు పూసినచో లోనికి దిగదు. స్పిరిటు నీటిలో పలుచబడిపోవును. పొడి చర్మముపై పూసినచో స్పిరిటుతో కూడ సందులలోనికి దిగును. కావున కోతనాడు నీరు తగులరాదు. గొరుగవలసియున్నచో పొడిగనే గొరుగవలెను. పది, పండ్రెండు పాళ్ల టింక్చరును మత్తునకు ముందొకసారి, మత్తు ఎక్కిన పిదప నొకసారి, కుట్లు వేసిన తరువాత మరియొకసారి పూసిన చాలును.

గంటలకొలది తోమిన పని రెండు నిమిషములలో ముగియునని విన్నపుడు తోమినవారికి రుచింపకపోవుట సహజము. కాని యుద్ధము వాదములకు వేచియుండదు. డేరాలో, లాంతరు వెలుతురులో, నీరు దొరకని చోట కోతలు కోయు సేనా వైద్యులకు ఈ పద్ధతి వరమయ్యెను. 1911లో లిబియాకు పోయిన ఇటలీ సేనలలోను, పిదప మొదటి ప్రపంచ యుద్ధమునను అయొడిన్ సర్వత్ర వ్యాపించెను. గ్రోసిక్ తరువాత రాజకీయములలో దిగి, 1918లో ఫియూమేను ఇటలీలో కలుపవలెనని పోరాడిన జాతీయ మండలికి అధ్యక్షుడయ్యెను. ఆ కథ వేరు. 1926లో ఆయన మరణించునాటికి ఆయన పూసిన మందు మన దేశపు పల్లెటూరి డిస్పెన్సరీల వరకును వచ్చియుండెను. మోకాలు చెక్కుకొనిపోయిన పిల్లలకు 'టింక్చరు' అన్నమాట మంటకు మారుపేరు.

ఆ మంట చిన్న విషయము కాదు. నిలువయున్న టింక్చరులో స్పిరిటు ఎగిరిపోయి మందు ముదురును. దానితో చర్మము బొబ్బలెక్కును. ఈ దోషమును పోగొట్టుటకై 1950 దశకములో అమెరికాలో అయొడినును పోవిడోన్ అను పదార్థముతో జతపరచి, కొంచెము కొంచెముగా విడుదల అగునట్లు చేసిరి. నేడు ఆపరేషను గదులలో మనము చూచు గోధుమవన్నె ద్రవము అదియే. దానికి ప్రత్యర్థి 1954లో బయలుదేరెను. మాంచెస్టరులో ఐ.సి.ఐ. కంపెనీ రసాయనికులు మలేరియా మందుల కొరకు వెదకుచున్న శోధనల నుండి క్లోర్‌హెక్సిడిన్ పుట్టెను. మలేరియాను మాన్పలేదు గాని, చర్మముపై క్రిములను చంపి, గంటలకొలది అచటనే నిలిచి పని చేయుగుణము దానికి కలదు.

ఈ మందులు దేనితో పోరాడుచున్నవో అప్పటికి కొంత తెలిసియుండెను. 1938లో ఫిలిప్ ప్రైస్ అను అమెరికా శస్త్రవైద్యుడు వరుసగా పెట్టిన గిన్నెలలో చేతులను తోముకొని, ఒక్కొక్క గిన్నెలోని క్రిములను లెక్కించెను. మొదటి గిన్నెలలో క్రిములు త్వరగా తగ్గినవి. పిదప ఎంత తోమినను మెల్లగా మాత్రమే తగ్గుచుండెను. దీనిని బట్టి చర్మముపై రెండు తెగల క్రిములు ఉన్నవని ఆయన తేల్చెను. బయటినుండి వచ్చి అంటుకొన్నవి అతిథుల వంటివి, సబ్బునీటితో పోవును. రోమకూపములలోను, పెంకుల సందులలోను కాపురమున్నవి ఇంటివారు. వారిని తగ్గింపవచ్చును గాని వెళ్లగొట్టలేము. రోగి చర్మమును పూర్తిగా క్రిమిరహితము చేయుట అసాధ్యమను సత్యము దీనితో స్థిరపడెను. కోతకు పట్టు కొద్ది గంటలపాటు వారి సంఖ్యను అణచియుంచుటయే సాధ్యము.

ఇక మంగలికత్తి సంగతి. ఇంగ్లండులో మంగళ్లును శస్త్రవైద్యులును 1540 నుండి 1745 వరకు ఒకే సంఘములో ఉండిరి. కనుక ఆ కత్తికిని ఈ కత్తికిని చుట్టరికము పాతదే. వెండ్రుకలు మురికికి నెలవనియు, వానిని తొలగించుట శుద్ధికి మొదటి మెట్టనియు లిస్టర్ తరువాతి తరములలో ఎవరును సందేహింపలేదు. గ్రోసిక్ కూడ సందేహింపలేదు.

1971లో సెరోపియన్, రేనాల్డ్స్ అను ఇద్దరు అమెరికా వైద్యులు 406 మంది రోగుల వివరములు ప్రకటించిరి. కత్తితో గొరిగినవారిలో నూటికి 5.6 మందికి గాయము చీము పట్టెను. వెండ్రుకలను తొలగింపనివారిలోను, రోమములను రాల్చు లేపనము వాడినవారిలోను నూటికి 0.6 మాత్రమే. గొరిగిన వేళను బట్టి చూడగా విషయము మరింత తేటపడెను. కోతకు తక్షణము ముందు గొరిగినచో నూటికి 3.1, ఇరువది నాలుగు గంటలలోపల గొరిగినచో 7.1, అంతకంటె ముందే గొరిగినచో 20కి పైమాట! కెనడాలోని కాల్గరీ నగరమున క్రూజ్, ఫోర్డ్ అనువారు 1973లో 23,649 గాయముల లెక్కను ప్రకటింపగా అదియు ఈ మాటనే బలపరచెను: గొరిగినచో 2.3, వెండ్రుకలను పొట్టిగా కత్తిరించినచో 1.7, ఏమియు చేయకున్న 0.9.

కారణము తెలిసికొనుట కష్టము కాదు. ఎంత నేర్పరి గొరిగినను కత్తి వాదర చర్మమును కంటికి కనబడని గాట్లుగా చీల్చును. ఆ గాట్లలో సన్నగా ఊట ఊరును. రాత్రియంతయు క్రిములు ఆ ఊటలో పెరుగును. తెల్లవారి మనము పైన మందు పూయుదుము. అవి పూతకు అందని లోతున ఉండును. అనగా ముందునాటి సాయంకాలము మంగలి చేసిన పని, మరునాటి కోతకు ముందే ఆ చర్మముపై వందల కోతలు కోయుటయే. కోట గోడను కాపాడుటకు పోయి మనమే బీటలు తీసితిమి. ఇందు మంగలి దోషము లేదు. ఆయన చెప్పిన పని చేసెను.

ఈ లెక్కలు వచ్చిన పిదప కూడ ఆచారము వెంటనే పోలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనలలో, వెండ్రుకలను తొలగింపకుండుటయే మంచిదనియు, తప్పనిసరి అయినచో క్లిప్పరుతో కత్తిరింపవలెననియు, మంగలికత్తి మాత్రము ఏవేళనైనను కూడదనియు స్పష్టముగా వ్రాసెను. 1971 నుండి 2016 వరకు 45 ఏండ్లు. ఆపరేషను చేయించుకొనబోవు శ్రోతలు ఇంటియొద్ద తామే బ్లేడుతో గొరుగుకొని పోకుండుట మేలు. స్నానము మాత్రము చేయవచ్చును. సామాన్యమైన సబ్బు చాలునని ఆ సూచనలలోనే కలదు.

పూత మందులలో ఏది మేలను తగవు నేటికిని తెగలేదు. 2010లో అమెరికాలో 849 మంది రోగులపై జరిగిన పరీక్షలో స్పిరిటు కలిసిన క్లోర్‌హెక్సిడిన్ పూసినవారిలో నూటికి 9.5 మందికి గాయము చెడగా, నీటిలో కలిపిన పోవిడోన్ అయొడిన్ పూసినవారిలో 16.1 మందికి చెడెను. దీనితో అయొడిన్ కాలము ముగిసినదని పలువురు తలచిరి. అయితే ఆ గెలుపు క్లోర్‌హెక్సిడినుదా, స్పిరిటుదా అని కొందరు అడిగిరి. ఆ ప్రశ్న సమంజసమే. 2024లో అమెరికా, కెనడా ఆసుపత్రులలో విరిగిన ఎముకలకు ఆపరేషను చేయునపుడు రెండు మందులను స్పిరిటులోనే కలిపి పోల్చి చూచిరి. చర్మము చీలని విరుగుళ్లలో అయొడిన్ పక్షమున నూటికి 2.4 మందికి, క్లోర్‌హెక్సిడిన్ పక్షమున 3.3 మందికి గాయము చెడెను. చర్మము చీలిన విరుగుళ్లలో, అనగా గ్లాస్గో బాలునికి తగిలిన వంటి గాయములలో, చెప్పుకొనదగిన భేదము కనబడలేదు.

మనకు దగ్గరి పరీక్ష మరియొకటి కలదు. మన దేశముతో కూడ ఏడు దేశములలో, 54 ఆసుపత్రులలో, 5788 మందికి పొట్ట ఆపరేషనులు చేయుచు ఈ మందులను పోల్చి 2021లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిరి. ఇందు క్లోర్‌హెక్సిడిన్ స్పిరిటులోనిది. పోవిడోన్ అయొడిన్ నీటిలోనిది, చవుకది. రెంటికిని భేదము లేదని తేలెను. కాని రెండు పక్షములను కలిపి చూడగా నూటికి 22 మందికి గాయము చెడియుండెను. అట్టి ఆసుపత్రులకు ఖరీదైన సీసా కొనుమని చెప్పుటకు ఆధారము లేదని ఆ పరిశోధకుల అభిప్రాయము. ఆ సొమ్ముతో ఇంకేమి చేసినచో ఈ 22 తగ్గునో వెదకవలసియున్నది. ఆ వెదకులాట నేడు జరుగుచున్నది.